అమ్మకు తుంటి నొప్పి, ఎంఆర్ఐ తీయించాలా?

ప్రశ్న (మారతహళ్ళి):
అమ్మకు 56 ఏళ్లు. పాపను చూసుకోవడానికి అనంతపురం నుంచి వచ్చింది. రెండు నెలలుగా కుడి తుంటి నొప్పి, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతోంది, మెట్లెక్కితే ఇంకా ఎక్కువ. ఒక క్లినిక్‌లో చూపిస్తే కీలు అరిగింది, ఎంఆర్ఐ తీయించండి అన్నారు. అవసరమా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు (ఫ్యామిలీ డాక్టర్, కేఆర్ పురం):
ముందు నొప్పి ఎక్కడో అమ్మగారిని ఒక్క వేలితో చూపించమనండి. కీలు అరిగితే నొప్పి ఎక్కువగా గజ్జలో ఉంటుంది, పొద్దున లేవగానే కాసేపు పట్టేస్తుంది, కాలు లోపలికి తిప్పడం కష్టమవుతుంది. పిరుదులో మొదలై కాలి కిందికి పాకితే నడుము చూడాలి. తుంటి పక్కన చేతికి తగిలే ఎముక మీదే వేలు పెట్టారంటే, మీరు చెప్పిన లక్షణాలను బట్టి, పిరుదు కండరాలను అక్కడి ఎముకకు అతికించే పట్టీల (టెండన్ల) బాధ కావచ్చు. 40 దాటిన ఆడవాళ్లలో ఇది చాలా మామూలు. గోడకు చెయ్యి ఆనించి ఆ ఒక్క కాలి మీద అర నిమిషం నిలబడితే సరిగ్గా అక్కడే నొప్పి లేస్తుంది. దీనికి ఎంఆర్ఐ అక్కర్లేదు, అరుగుదల అనుమానముంటే మామూలు ఎక్స్‌రే చాలు. కానీ ఎవరైనా డాక్టర్ చేత్తో పరీక్షించి ఖాయం చేయాలి.

ఒక సంగతి గమనించండి, పాపను చంకనెత్తుకుని ఒక పక్కకు ఒరిగి నిలబడుతున్నారా? ఆ టెండన్లు నలిగేది అలాగే. కాలు మీద కాలు వేసుకోవడం కూడా మానాలి, ఎడమ పక్కకు పడుకుని మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవాలి. అసలు మందు ఫిజియోథెరపిస్ట్ నేర్పే పిరుదు కండరాల వ్యాయామం, రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. ఇంజెక్షన్‌తో కొన్ని వారాలు హాయిగా ఉంటుంది గానీ చాలామందికి నొప్పి మళ్లీ వస్తుంది. బీపీ, కిడ్నీ సమస్య ఉంటే నొప్పి మాత్రలు సొంతంగా కొనొద్దు.

మరొకరు (హోసూరు రోడ్):
డాక్టర్ గారూ, నాకు 36. గజ్జలో నొప్పి, కుంటుతున్నాను. ఎక్స్‌రే నార్మల్. నిరుడు చర్మ జబ్బుకు స్టెరాయిడ్ మాత్రలు వాడాను.

జవాబు:
మీకు మాత్రం ఎంఆర్ఐ కావాలండీ, ఆలస్యం చేయకండి. స్టెరాయిడ్ వల్ల గానీ, ఎక్కువ మద్యం వల్ల గానీ తొడ ఎముక తలకు రక్తం అందక ఆ భాగం చచ్చుబడవచ్చు. దాన్నే ఏవీఎన్ అంటాం. మొదట్లో ఎక్స్‌రేలో కనిపించదు, తరచుగా రెండు వైపులా వస్తుంది కాబట్టి రెండు తుంట్లకూ తీయమనండి. ఈ వారంలోనే ఆర్థోపెడిక్ డాక్టర్‌ను కలవండి, అప్పటిదాకా బరువులు ఎత్తొద్దు, పరుగులు వద్దు.

ప్రశ్న అడిగినవారు:
అమ్మ పక్క ఎముకే చూపించింది సార్! పాపను అసలు ఎత్తుకోకూడదా?

జవాబు:
కూర్చుని ఒళ్లో పెట్టుకోమనండి, ఎత్తుకోక తప్పకపోతే రెండు చేతులతో ముందుకు. జ్వరం వచ్చినా, జారిపడి అడుగు వేయలేకపోయినా ఆ రోజే క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.