మ్యాప్ సేవలో అనుమతి లేకుండా చేరిన ఫొటోను తీయించడం ఎలా?

మ్యూనిక్‌లోని ఇంగ్లీషర్ గార్టెన్ అనే పార్కులో నగ్నంగా ఎండ కాచుకోవడానికి అనుమతి ఉన్న షోన్‌ఫెల్డ్‌వీజె పచ్చికలో గత ఆదివారం మధ్యాహ్నం ఎవరో తీసిన ఫొటో ఒక మ్యాప్ సేవలో కనిపించింది. అందులో బోర్లా పడుకొని ఉన్న నా ముఖం కనిపించకపోయినా, భుజం మీది నెమలి పచ్చబొట్టును బట్టి తెలిసినవారు ఇట్టే గుర్తుపడతారు. ‘నగ్నత్వం’ కారణంగా చూపి ఫిర్యాదు చేస్తే ఉల్లంఘన లేదని మరునాడే జవాబు వచ్చింది; ‘గోప్యత’ కింద పంపినదానికీ అదే గతి పట్టింది. ఫొటో పెట్టిన వ్యక్తికి సందేశం పంపే వీలు లేదు. బట్టలు విప్పినంత మాత్రాన ఫొటోకు ఒప్పుకున్నట్టు కాదు కదా! జర్మనీ చిత్రహక్కుల చట్టం 22వ సెక్షన్ ప్రకారం ప్రచురణకు నా సమ్మతి అవసరం, కానీ ప్రకృతి దృశ్యంలో మనుషులు అప్రధానంగా పడిన చిత్రాలకు 23వ సెక్షన్ మినహాయింపు ఇస్తోంది. ముఖం కనిపించని ఇలాంటి ఫొటోను 22వ సెక్షన్ చూపి తీయించుకున్నవారు తమ లేఖకు ఏ ఆధారాలు జతచేశారో దయచేసి చెప్పగలరా?