షికాగో బ్యాండ్‌ని మార్చేసింది ఆ ఒక్క పాటేనా?

రాత్రిపాట:
షికాగో అంటే నాకు చాలాకాలం ‘ఇఫ్ యూ లీవ్ మీ నౌ’ ఒక్కటే. పీటర్ సెటేరా సన్నటి గొంతు, వెనక వయొలిన్లు. మిగతావీ ఇలాగే ఉంటాయనుకుని మొన్న 1969 నాటి వాళ్ల మొదటి ఆల్బమ్ పెట్టాను. అందులో ‘ఫ్రీ ఫామ్ గిటార్’ అని ఒకటుంది. టెరీ కాథ్ ఒక్కడే దాదాపు 7 నిమిషాలు గిటార్‌తో కేకలు పెట్టించాడు. మాటల్లేవు, తాళం లేదు. స్పీకర్ పోయిందేమోనని లేచి వెళ్లి చూశాను! ఈ రెండూ ఒకే బ్యాండువా? 1976లో ‘ఇఫ్ యూ లీవ్ మీ నౌ’ అమెరికాలో నంబర్ వన్ అవడం వల్లే ఇలా మెత్తబడిపోయారా?

ఇత్తడిబాకా:
నేను ట్రాంబోన్ అనే ఇత్తడి బాకా నేర్చుకున్నవాణ్ణి, నా ఏడుపు వేరు. ట్రాంబోన్ జేమ్స్ పాంకో, ట్రంపెట్ లీ లాక్‌నేన్, శాక్సఫోన్ వాల్టర్ పారజైడర్ — ఆ ముగ్గురి కోసమే నేను షికాగో వినేది. ‘25 ఆర్ 6 టు 4’ పెట్టండి. గిటార్‌తో సై అంటే సై అన్నట్టు ఊదుతారు. అది పాడింది కూడా సెటేరాయే! కాబట్టి గొంతుని తిట్టకండి, మారింది దాని చుట్టూ ఉన్నది. మీరు చెప్పిన 1976 పాటలోనూ ఫ్రెంచ్ హార్న్ బాకాలున్నాయి, కానీ పెళ్లిపందిట్లో పన్నీరు చల్లినట్టు.

అరిగినముల్లు:
బాకాగారూ, అంత మెత్తదనం 1976లో ఊడిపడలేదు. 1970 ఆల్బమ్‌లోనే ‘కలర్ మై వరల్డ్’ ఉంది. రాసింది మీ పాంకో, పాడింది ఆ కేకల కాథే. అప్పట్లో అది పది రుచుల్లో ఒకటి, అంతే. 1976 హిట్ వాళ్లకి మొదటి నంబర్ వన్. గ్రామీ కూడా వచ్చింది. ఆ రుచి మరిగాక వదలడం కష్టం.

కానీ నా లెక్కలో అసలు దెబ్బ 1978 జనవరి. తుపాకీ ప్రమాదంలో కాథ్ పోయాడు. ఆ మొరటు గిటార్ వైపు లాగే మనిషే లేకుండా పోయాడు. 1980 ఆల్బమ్ అమ్ముడుపోలేదు, కొలంబియా రికార్డుల కంపెనీ వాళ్లని వదిలేసింది. 1982లో డేవిడ్ ఫాస్టర్ నిర్మాతగా వచ్చి ‘హార్డ్ టు సే అయామ్ సారీ’ చేయించాడు, మళ్లీ నంబర్ వన్. హిట్ పాట తలుపు తీసింది నిజమే. లోపలికి తోసింది మాత్రం గడవకపోవడం.

రాత్రిపాట:
అంటే 1982 పాటలో బాకాలు పూర్తిగా పోయినట్టేనా?

ఇత్తడిబాకా:
ఆల్బమ్‌లోది చివరిదాకా వినండి. పాట అయిపోయింది అనుకునేసరికి ‘గెట్ అవే’ అని ఇంకో ముక్క అందుకుంటుంది, ముగ్గురూ పాత పద్ధతిలో విరుచుకుపడతారు. రేడియోలో చాలాసార్లు సరిగ్గా అక్కడే ఆపేస్తారు. నాకు ఒళ్లు మండేది అందుకే.