క్యారేజీ మధ్యాహ్నానికి పాడైపోతోంది, ఇంట్లో పెడితే బాగానే ఉంటోంది – ఎవరైనా చెప్పండి

వేళచ్చేరి మూడో అంతస్తు (రాత్రి 11:52)
ఇక ఓపిక అయిపోయింది, అందుకే ఈ వేళప్పుడు రాస్తున్నా. మా ఆవిడకి రోజూ క్యారేజీ కట్టేది నేనే. పది రోజులుగా మధ్యాహ్నం మూత తీసేసరికి అన్నం పాడైపోయి ఉంటోంది. మొన్న సాంబారన్నం, నిన్న పప్పూ బీన్స్ కూర, ఈరోజు వంకాయ కూర. మూడు రోజులూ డబ్బా కట్టింది కట్టినట్టే వెనక్కి వచ్చింది. ఆవిడ ఒక్క మాట అనదు. ‘కాంటీన్లో రెండు ఇడ్లీ తిన్నాలే’ అంటుంది. అది వింటే ప్రాణం ఉసూరుమంటుంది.

బియ్యం మార్చాను. నూనె మార్చాను. కొబ్బరి మానేశాను. వేడివేడి అన్నం మీద మూత పెట్టకూడదని ఎవరో చెబితే, పళ్లెంలో ఆరబోసి గోరువెచ్చగా అయ్యాకే సర్దుతున్నాను. అయినా అంతే.

ఆదివారం పరీక్షగా అదే అన్నం, అదే కూర, అదే టైముకి సర్ది ఇంట్లోనే ఉంచి మధ్యాహ్నం తీశాను. నిక్షేపంలా ఉంది. నేనే తిన్నాను. ఇంట్లో పాడవనిది ఆఫీసుకి వెళ్తే ఎందుకు పాడవుతోంది? సాయంత్రం నుంచి నాలుగు గంటలు వీడియోలు చూశాను. ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటున్నారు.

అంబత్తూరు షిఫ్టు (11:58)
ఎన్నింటికి కడతారు? ఎన్నింటికి తింటారు? ఏ డబ్బా?

బాపట్ల గింజ (రాత్రి 12:10)
బియ్యం మార్చాను అన్నారు, దేని నుంచి దేనికి? అసలు గుట్టంతా అక్కడే ఉంటుంది. చాలామంది సోనా మసూరి, సాంబ మసూరి ఒకటే అనుకుంటారు. కావు. సాంబ మసూరి అంటే బీపీటీ 5204, 1986లో విడుదలైంది. బీపీటీ అంటే మా బాపట్లే. మా నాన్న ఆ వరి వేసిన రోజులు నాకు గుర్తు. గింజ సన్నం, అన్నం తెల్లగా, పొడిపొడిగా వస్తుంది, కానీ బియ్యం కనీసం ఆరు నెలలు పాతబడాలి. కొత్త బియ్యానికి మామూలు కొలత నీళ్లు పోస్తే ముద్దవుతుంది, ముద్దైన అన్నంలో తడి నిలిచిపోతుంది. మీ సంచి మీద ఏం రాసి ఉందో చూసి చెప్పండి. చెన్నైలో పొన్ని అని అమ్మేది వేరు, అందులో పచ్చి బియ్యం ఉంటుంది, ఉప్పుడు బియ్యం ఉంటుంది. ఉప్పుడు బియ్యం అన్నం క్యారేజీకి చక్కగా నిలబడుతుంది.

పెరంబూరు అక్క (ఉదయం 6:15)
తమ్ముడూ, భార్యకి క్యారేజీ కడుతున్నావంటే చాలా సంతోషం. నేను ఈ ఊళ్లో ముప్పై ఏళ్లుగా కడుతున్నాను, మొదట మా ఆయనకి, ఇప్పుడు కోడలికి. నా మాట విని కుక్కర్ మానెయ్. ఎసరు పెట్టి, ఉడికాక గంజి వార్చు. వార్చిన అన్నం సాయంత్రం దాకా పలుకు పలుకుగా ఉంటుంది. కుక్కర్ అన్నంలో గంజి అంతా లోపలే ఉండిపోతుంది. ఇప్పటి పిల్లలకి వార్చడమే రాదు, గిన్నె మూతకి గుడ్డ పట్టుకుని వంచాలంటే భయపడతారు. రెండు రోజులు చేస్తే చెయ్యి తిరుగుతుంది.

కరీంనగర్ కోడలు (6:40)
అన్నా, పాడైంది అంటె ఎట్ల పాడైంది? పులిసిందా, పాసిపోయిందా? రెండు ఒకటి కాదు. మా దిక్కు పాసిపోయిన అన్నం అంటె వాసన మారి, వేలు పెడితె జిగట జిగట అయితది. పులిసింది అంటె ఉత్త పుల్లగ అయితది, అంతే.

నెల్లూరు టు చెన్నై (6:55)
పాచిపోవడం అనేది సరైన మాటండీ. రాత్రి మిగిలిన అన్నం పొద్దున పాచన్నం. పాడైనదానికి చెడిపోయింది అనాలి.

కరీంనగర్ కోడలు (7:02)
రాత్రన్నం మాకు సద్దన్నం. అది పాడైనట్టు కాదు, మంచిగ మజ్జిగ పోసుకొని ఉల్లిగడ్డ కొరుక్కుంట తింటం. మీ ఊర్ల పాచి అంటె ఏందో నాకు తెల్వదు గని, నేను అడిగింది అన్నని. జిగట ఉందా లేదా?

అంబత్తూరు షిఫ్టు (7:10)
టైము చెప్పలేదు. డబ్బా చెప్పలేదు.

తరమణి టెకీ (9:30)
ఇంత చర్చ ఎందుకండీ, ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టుకుని, తినేముందు మైక్రోవేవ్‌లో వేడి చేసుకోమనండి. మా ఆవిడ అదే చేస్తుంది.

వేళచ్చేరి మూడో అంతస్తు (మధ్యాహ్నం 2:20)
ఇప్పుడే లేచాను, అందరికీ జవాబు ఇస్తున్నా. నాది ఇంటి నుంచే రాత్రి షిఫ్టు, 4:30కి అయిపోతుంది. వెంటనే స్టవ్ వెలిగిస్తాను. 5:20కి సర్దేస్తాను. 5:45కి ఆవిడ కంపెనీ బస్సు. తినేది 1:15కి.

ఆఫీసు అన్నానుగానీ ఒరగడం దగ్గర ఫ్యాక్టరీ. ఫ్రిజ్ లేదు, మైక్రోవేవ్ లేదు. సంచులు లోపలికి తీసుకెళ్లనివ్వరు, గేటు పక్క రేకుల గదిలో అరల మీద పెట్టి వెళ్లాలి. ఫ్యాను కూడా ఉండదట.

కరీంనగర్ అక్కా, జిగటే. నిన్న డబ్బా ఇంటికొచ్చాక చెంచా పెట్టి లేపితే అన్నం వెంట సన్నగా తీగ సాగింది. వాసన పుల్లగా లేదు, తడిగుడ్డ ముడిచి పెట్టిన వాసన.

నెల్లూరు టు చెన్నై (2:35)
ఐదింటి నుంచి ఒకటింటి దాకా అంటే ఎనిమిది గంటలు! అందులోనూ ఇప్పుడు నడివేసవి కత్తిరి ఎండలు, రేకుల గది. ఇంకేం నిలుస్తుందండీ. ఇక పులిహోర తప్ప వేరే దారి లేదు. చింతపండు గుజ్జు నూనె తేలేదాకా ఉడికించండి, నువ్వుల నూనె అయితే మరీ మంచిది. అన్నం పళ్లెంలో పరిచి పసుపు, కాస్త నూనె వేసి పూర్తిగా చల్లారాక కలపండి. లేదా చిత్రాన్నం చెయ్యండి.

బాపట్ల గింజ (2:41)
చిత్రాన్నం అని కాదు, నిమ్మకాయ పులిహోర.

హోసూరు దారి (2:50)
మా అనంతపురంలో చిత్రాన్నమే. చింతపండుతో చేస్తేనే పులిహోర. నిమ్మకాయ పిండినదాన్ని పులిహోర అనడం కోస్తా వాళ్ల అలవాటు.

బాపట్ల గింజ (2:58)
పులుపు ఉన్న అన్నమంతా పులిహోరే. మామిడికాయ పులిహోర, దబ్బకాయ పులిహోర అంటాం కదా. మరి వాటిని ఏమంటారు?

హోసూరు దారి (3:05)
మావిడికాయ చిత్రాన్నం.

పెరంబూరు అక్క (3:20)
ఇక్కడివాళ్లు కట్టుసాదం అంటారు, పేరేదైనా ప్రయాణానికి కట్టేది అదే. కానీ ఆ అమ్మాయి రోజూ పులిహోర ఏం తింటుంది? బస్సులో గంట, నిలబడి పని, కడుపులో మంట వస్తుంది. వార్చి చూడు తమ్ముడూ.

అంబత్తూరు షిఫ్టు (3:24)
ఏ డబ్బా? మూడోసారి అడుగుతున్నా.

వేళచ్చేరి మూడో అంతస్తు (3:40)
డబ్బా మంచిదేనండీ, దాని గురించి చెప్పేదేముందని వదిలేశాను. పాతది మూడు గిన్నెల మామూలు స్టీలు క్యారేజీ. రేకుల గదిలో ఉంటుంది కదా అని ఈమధ్యే వేడి నిలిపే డబ్బా కొన్నాను. లోపల స్టీలు, బయట ప్లాస్టిక్, బిగుతు మూత.

అంబత్తూరు షిఫ్టు (3:42)
ఈమధ్యే అంటే?

వేళచ్చేరి మూడో అంతస్తు (3:51)
రెండు వారాలు కాలేదు. పది పన్నెండు రోజులు.

అంబత్తూరు షిఫ్టు (3:52)
ఆదివారం పరీక్ష చేసింది ఏ డబ్బాతో? ఎక్కడ పెట్టారు?

వేళచ్చేరి మూడో అంతస్తు (4:10)
కొత్తది వాసన పోవాలని సోడా నీళ్లలో నానబెట్టాను, అందుకని పాత క్యారేజీలో పెట్టాను. వంటింట్లో చీమలు ఉన్నాయని పడగ్గదిలో బల్ల మీద ఉంచాను. పగలు పడుకుంటాను కాబట్టి అక్కడ ఏసీ వేసి ఉంటుంది.

అంబత్తూరు షిఫ్టు (4:11)
మరి అదే.

పాలకేంద్రం పాతమనిషి (సాయంత్రం 5:30)
పొద్దున్నుంచి చదువుతున్నాను. ఆయన రెండు ముక్కల్లో తేల్చేశారు, కొంచెం విడమరిచి చెప్తాను. పాల ల్యాబులో చాలా ఏళ్లు చేశాను, ఇది నాకు రోజువారీ పని.

చలికాలంలో పెరుగు తోడుకోకపోతే ఏం చేస్తాం? పాలు గోరువెచ్చగా చేసి, తోడు వేసి, హాట్‌ప్యాక్‌లో పెట్టి మూసేస్తాం. ఎందుకంటే ఆ వెచ్చదనంలోనే సూక్ష్మజీవులు బాగా పెరుగుతాయి, ఆ డబ్బా దాన్ని చల్లారనివ్వదు. మీరు సాంబారన్నానికి సరిగ్గా అదే చేస్తున్నారు. పళ్లెంలో ఆరబోసి గోరువెచ్చగా చేశారు, అది మంచి సలహానే, కానీ మామూలు స్టీలు గిన్నెకి. వేడి నిలిపే డబ్బాలో గోరువెచ్చని అన్నం పెడితే గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది.

తిండికి 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్న వేడి మంచిది కాదు. అయితే 60కి పైన ఉండాలి, లేదా 5కి కింద. అన్నంలో బాసిల్లస్ సెరియస్ అని ఒక బాక్టీరియా ఉంటుంది. దాని బీజాలు బియ్యంతోనే వస్తాయి, అన్నం ఉడికినా చావవు. వెచ్చగా ఉంచితే మొలకెత్తి పెరుగుతాయి. వాంతులు తెప్పించే విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే మైక్రోవేవ్ దీనికి మందు కాదు. మీ ఆవిడ వాసన చూసి తినకుండా వదిలేయడం చాలా మంచి పని చేసింది. అన్నిసార్లూ వాసన కూడా రాదు, ఆదివారం మీరు తిన్నది ఏసీ గదిలో ఉండబట్టి సరిపోయింది.

తరమణి టెకీ (5:48)
అంటే వేడి నిలిపే డబ్బా కొనడమే తప్పా? కంపెనీవాళ్లు ఎనిమిది గంటలు వేడి అని రాస్తారు కదా.

పాలకేంద్రం పాతమనిషి (6:05)
తప్పు కాదు, వాడే తీరు తెలియాలి. రెండు స్టీలు గోడల మధ్య గాలి తీసేసిన ఫ్లాస్కు రకం వేరు, బయట ప్లాస్టిక్, మధ్యలో నురుగు నింపిన హాట్‌ప్యాక్ రకం వేరు. ఈయనది రెండోదిలా ఉంది, అది ఎనిమిది గంటలు 60కి పైన ఉంచుతుందని నేను నమ్మను. ఫ్లాస్కు అయినా ముందు మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు మూసి ఉంచాలి. పారబోసి, పొగలు కక్కుతున్న అన్నం అంచుదాకా నింపాలి. సగం డబ్బా నింపితే మిగతా ఖాళీలో వేడి పోతుంది.

బాపట్ల గింజ (6:20)
పొగలు కక్కేది నింపితే ఆవిరి నీరై కారి అన్నం ముద్దవుతుంది. పాత బియ్యమైతే తట్టుకుంటుంది.

వేళచ్చేరి మూడో అంతస్తు (6:45)
నేను మంచి చేస్తున్నాననుకుని ఆవిడ చేతికి ఇన్నాళ్లూ అది ఇచ్చానా. చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. మరి ఇప్పుడు ఈ డబ్బా పారేయాలా? ఎనిమిది గంటలకి ఏం కట్టాలి?

పాలకేంద్రం పాతమనిషి (7:10)
పారేయకండి. వేడిని నిలిపేది చల్లదనాన్నీ నిలుపుతుంది. ఈ ఎండల్లో దాన్ని చల్లదనానికి వాడండి. డబ్బా రాత్రే ఫ్రిజ్‌లో పెట్టండి. పెరుగన్నానికి అన్నం మెత్తగా వండి, వెడల్పు పళ్లెంలో పల్చగా పరిచి ఫ్యాను కింద పూర్తిగా చల్లార్చండి, గోరువెచ్చన కూడా పనికిరాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు, చల్లటి పెరుగు కలపండి. పోపు విడిగా చల్లార్చి వేయండి. పక్కన గడ్డకట్టిన చిన్న నీళ్ల సీసా పెట్టి సంచిలో సర్దండి. పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర కలపకండి.

మిగతా రోజుల్లో పులుపున్నవి పాత స్టీలు క్యారేజీలో. చింతపండు పులుపులో ఆ బాక్టీరియా అంత తేలిగ్గా పెరగదు. పెసరపప్పు, కొబ్బరి వేసిన కూరలు ఈ నెల రోజులూ వద్దు. మూత లోపల రబ్బరు రింగు ఉంటుంది, పిన్నుతో ఊడదీసి చూడండి.

కరీంనగర్ కోడలు (7:25)
రింగు సంగతి నిజం అన్నా. మాది తీసి చూస్తె నల్లగ పేరుకొని ఉండె. అది కడగకుంటె ఎంత మంచిగ వండినా వాసనొస్తది.

పెరంబూరు అక్క (7:40)
మేము పాత రోజుల్లో అన్నంలో కాచి చల్లార్చిన పాలు పోసి, అర చెంచా పెరుగు వేసి కట్టేవాళ్లం. దారిలోనే తోడుకుని మధ్యాహ్నానికి కమ్మగా ఉండేది, పుల్లబడేది కాదు. పొద్దున్నే పెరుగు కలిపితే ఒంటిగంటకి పులిసిపోతుంది.

పాలకేంద్రం పాతమనిషి (7:52)
అక్కా, ఆ పద్ధతి మంచిదే, మా అమ్మా అదే చేసేది, కానీ మామూలు గిన్నెలో. ఈ డబ్బాలో మాత్రం చల్లగానే పెట్టాలి.

హోసూరు దారి (8:15)
మా కన్నడ స్నేహితులు దీన్ని మొసరు బుత్తి అంటారు. బుత్తి అంటే కట్టిన అన్నం మూట. మన సద్ది మూట లాంటిదే.

నెల్లూరు టు చెన్నై (8:20)
సద్ది కాదండీ, చద్ది.

కరీంనగర్ కోడలు (8:21)
మాకు సద్దే.

వేళచ్చేరి మూడో అంతస్తు (రెండు రోజుల తర్వాత, సాయంత్రం 6:30)
రింగు ఊడదీశాను. కింద పసుపురంగు జిడ్డు, అన్నం మెతుకు ఒకటి ఎండిపోయి ఉంది. పాత టూత్‌బ్రష్‌తో తోమి ఎండలో పెట్టాను. నిన్న పులిహోర పాత క్యారేజీలో. ఈరోజు పెరుగన్నం కొత్త డబ్బాలో, చెప్పినట్టే ఐసు సీసాతో, పైన దానిమ్మ గింజలు. 1:20కి ఫొటో పంపింది, ఖాళీ డబ్బా. ఇంకా చల్లగా ఉందట. అందరికీ థాంక్స్. అంబత్తూరు అన్నా, మొదటి రాత్రే మీకు జవాబిచ్చి ఉండాల్సింది. ఆవిడ బస్సు దిగే వేళైంది, వెళ్తున్నా.

బాపట్ల గింజ (6:44)
చాలా సంతోషం. ఇంతకీ ఏ బియ్యం?