ఋతుసంధి: శారదరాత్రి నుంచి శారదోదయానికి

ఉద్యోగ విరమణ చేశాక పాత అలవాట్లు వదలక, కొత్త దినచర్య కుదరక ఉండే స్థితికి తగిన మాట ఏదని కావలి మిత్రులు అడిగారు. ‘సంధికాలం’ అని కొందరు సూచించారు గానీ, ఆ మాట చరిత్ర పాఠాల్లో నలిగిపోయింది. నేనైతే ‘ఋతుసంధి’ అంటాను. పోయే ఋతువులోని చివరి ఏడు రోజులనూ, వచ్చే ఋతువులోని మొదటి ఏడు రోజులనూ కలిపి ఆయుర్వేదం ఋతుసంధి అంటుంది. ఆ రోజుల్లో పాత ఆహారవిహారాలను క్రమంగా విడుస్తూ కొత్తవాటిని క్రమంగా అలవరచుకోవాలనీ, ఉన్నట్టుండి మానినా, ఉన్నట్టుండి మొదలుపెట్టినా రోగాలు పుడతాయనీ అష్టాంగహృదయం చెబుతుంది.

ఇందుకు సాహిత్యంలో నిదర్శనం మన నెల్లూరు ప్రాంతపు కవి ఎఱ్ఱనే. నన్నయ తెలుగు భారతంలోని ఆరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో ‘శారదరాత్రులు’ అంటూ వెన్నెలను వర్ణించి అక్కడితో ఆగిపోయాడు. నెల్లూరి తిక్కన ఆ శేషాన్ని ముట్టకుండా విరాటపర్వం ఎత్తుకున్నాడు. అద్దంకిని ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎఱ్ఱన 14వ శతాబ్దంలో ఆ ఖాళీని పూరించడానికి పూనుకొని, ‘స్ఫురదరుణాంశురాగరుచిఁ బొంపిరివోయి’ (మెరిసే ఎర్రని కిరణాల కాంతితో ఉప్పొంగి) అని మొదలుపెట్టాడు. ఋతువు అదే శరత్తు, తెల్లవారింది అంతే. ఆ పద్యంలోని సమాసాల నడక అచ్చంగా నన్నయదే. అయినా వాటి నడుమ ‘పొంపిరివోయి’, ‘కరము వెలింగె’ (ఎంతో వెలిగాయి) అన్న తెలుగు పలుకులు మెల్లగా తల ఎత్తుతాయి. కృతిభర్తగా, అంటే కావ్యాన్ని అంకితం పుచ్చుకునేవాడిగా, నన్నయను పోషించిన రాజరాజనరేంద్రుణ్ణే నిలిపిన ఎఱ్ఱన నన్నయ శైలితో మొదలై తిక్కన శైలి వైపు సాగాడని పండితులు చెబుతారు, కానీ ఏ పద్యం దగ్గర మారాడో వేలు పెట్టి చూపడం కష్టం.

ఒక చిన్న పేచీ మాత్రం ఉంది. ఎఱ్ఱన ఉదయాలు ‘నిరస్తనీరదావరణములు’, అంటే మబ్బుతెరలు తొలగినవి. మనకేమో ఆశ్వయుజ కార్తికాల్లోనే ఈశాన్య రుతుపవనాలు వచ్చి, తుపాన్ల భయం మొదలై, నెల్లూరు ఆయకట్టులో నార్లు పోయడమూ నాట్లు వేయడమూ జోరందుకుంటాయి. కావ్యాల్లోని శరత్తు వేరు, మన శరత్తు వేరు. కాబట్టి విరమణ జీవితం తేటగా, నిర్మలంగా ఉండాలని అందరూ చెబుతున్నారని మిత్రులు నొచ్చుకోనక్కరలేదు. వారి శరత్తులో నాట్లు పడితే పడనివ్వండి. ‘ప్రస్తుతం ఋతుసంధిలో ఉన్నాను’ అని ఉత్తరంలో రాస్తే చదివేవారికి ఇబ్బంది లేకుండా అర్థమవుతుందనే నా నమ్మకం.