అలిబీకి బయోమెట్రిక్ పంచ్, ఫోన్ టవర్ సరిపోతాయా?

ప్రశ్న: సూర్యాపేటలో రాత్రి 9:40కి దాడి, హత్యాయత్నం కేసు. మా క్లయింట్ ఆ రోజు ఉప్పల్‌లో డ్యూటీలో ఉన్నాడు. 6:50కి ఔట్ పంచ్ ఉంది, రాత్రంతా ఫోన్ టవర్ ఉప్పల్‌దే. అలిబీకి (నేరం వేళ ముద్దాయి వేరే చోట ఉన్నాడనే వాదనకు) ఇవి చాలవా అండి?

జవాబు: చాలవు. ఉప్పల్ నుంచి సూర్యాపేట సుమారు 130 కిలోమీటర్లు. 6:50కి బయల్దేరితే 9:40కల్లా హాయిగా చేరొచ్చు, పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) మొదట అనేదే అది. వేరే చోట ఉన్నాడంటే సరిపోదు, ఆ వేళకు నేరస్థలంలో ఉండే వీల్లేదని తేలాలి. టవర్ ఫోన్ సంగతి చెబుతుంది, మనిషి సంగతి కాదు. దారిలోని పంతంగి టోల్‌లో అతని కారు ఫాస్టాగ్ ఎంట్రీ లేదని మనం అంటే, బస్సెక్కాడని వాళ్లంటారు. 6:50 తర్వాత ఎక్కడ తిన్నాడు, ఎవరికి కనిపించాడు? అది పట్టుకోండి.

జవాబు: ముందు సీసీ ఫుటేజీ! చాలా డీవీఆర్‌లలో (కెమెరా రికార్డర్లలో) 15–30 రోజులకే పాతది చెరిగిపోతుంది. ఫుటేజీ భద్రపరచమని కెమెరా యజమానికి, ఐఓకు (దర్యాప్తు అధికారికి) ఈరోజే రాతపూర్వకంగా ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. డీవీఆర్ గడియారం పక్కన ఫోన్ టైమ్ పెట్టి ఫొటో తీయండి. పది నిమిషాల తేడా ఉన్నా క్రాస్‌లో (క్రాస్ ఎగ్జామినేషన్‌లో) దాన్నే పట్టుకుంటారు. కాపీకి భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) 63(4) సర్టిఫికెట్ తప్పదు: పార్ట్ ఎ పరికరం చూసుకునేవారిది, పార్ట్ బి నిపుణుడిది, రెండింట్లో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు).

ప్రశ్న: కాల్ రికార్డులు ఇప్పుడే కోర్టుకు తెప్పించొచ్చా?

జవాబు: కంపెనీలు 2 ఏళ్లు ఉంచాలి. బీఎన్ఎస్ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 94 కింద తెప్పించుకునే హక్కు ముద్దాయికి మామూలుగా ప్రాసిక్యూషన్ సాక్ష్యం అయ్యాక వచ్చే డిఫెన్స్ దశలోనే (సుప్రీంకోర్టు, దేబేంద్రనాథ్ పాఢి కేసు, 2005). అప్పటిదాకా ఆగితే రికార్డు ఉండదు. అందుకే ఇప్పుడు తెప్పించమని కాదు, భద్రపరచమని పిటిషన్ వేయండి.

జవాబు: ఇంకో సంగతి. అలిబీని డిఫెన్స్ దాకా దాచిపెట్టడం మన దగ్గర పాత జబ్బు. ప్రత్యక్ష సాక్షుల క్రాస్‌లోనే సజెషన్ వేయండి (మన వాదనను ప్రశ్నగా సాక్షి ముందు పెట్టండి), బీఎన్ఎస్ఎస్ 351లో (పాత 313, ముద్దాయిని జడ్జి ప్రశ్నించే ఘట్టం) తేదీ, టైమ్, చోటుతో చెప్పించండి, తర్వాత 256 కింద మన సాక్షుల్ని పెట్టండి. బావమరిది కంటే హోటల్ క్యాషియర్ మేలు. డిఫెన్స్ సాక్షుల్నీ ప్రాసిక్యూషన్ సాక్షులతో సమానంగా చూడాలని దూధ్‌నాథ్ పాండే (1981) సుప్రీంకోర్టు తీర్పు ఉంది, వాడుకోండి. అలిబీ రుజువు భారం సాక్ష్య అధినియం సెక్షన్ 106 (పాత 103) ప్రకారం మనదే, ప్రమాణం కూడా కఠినమే (బినయ్ కుమార్ సింగ్, 1997). అయితే ముద్దాయి అక్కడ ఉన్నాడని ముందు ప్రాసిక్యూషన్ నిరూపించాలి. అలిబీ వీగినా వాళ్ల కేసు దానంతటది రుజువైపోదు, కానీ అబద్ధమని తేలితే పరిస్థితుల సాక్ష్యం కేసుల్లో అదే గొలుసులో ఇంకో లింకు. పంచ్, టవర్ తప్ప ఇంకేం దొరకకపోతే అలిబీ ఎత్తకండి, సాక్షులు ముద్దాయిని గుర్తుపట్టిన తీరు మీదే క్రాస్ చేయండి.