లేహ్ నుంచి గుంటూరుకు పాత మారుతి 800లో తిరిగి రావాలి, ఏ దారి మంచిది?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. పేద పిల్లల గుండె ఆపరేషన్లకు విరాళాలు పోగుచేసే కార్ల ర్యాలీలో మా బావమరిది, నేను నాన్నగారి పాత మారుతి 800 వేసుకొచ్చాం. నిన్న సాయంత్రం లేహ్ చేరాం. ర్యాలీ ఇక్కడితో అయిపోయింది, ఇంటికి రావడం ఎవరికి వాళ్లే చూసుకోవాలి.

వచ్చేటప్పుడు మనాలి దారిలో వచ్చాం. ఆ దారిలోని తంగ్‌లాంగ్ లా (‘లా’ అంటే కనుమ) దాదాపు 5,300 మీటర్ల ఎత్తు. పెట్రోల్‌ను గాలితో కలిపే పాతకాలపు కార్బొరేటర్ ఉన్న బండి కదా, గాలి పలచబడేసరికి నల్లటి పొగ వదులుతూ ఫస్ట్ గేర్‌లో కూడా లాగలేకపోయింది. చివరి మలుపులో బావమరిది దిగి, ఆయాసపడుతూ పక్కనే నడిచాడు. అప్పటి నుంచి క్లచ్ దగ్గర కమురు వాసన వస్తోంది.

కార్గిల్ మీదుగా శ్రీనగర్ వెళ్తే పెద్ద ఎక్కుడు ఫోటు లా, 4,108 మీటర్లే. నాకు అదే నయమనిపిస్తోంది. కానీ జోజి లా దిగుడు తలుచుకుంటేనే టెన్షన్. ఈ మధ్య చిన్న కారులో దిగినవాళ్లు ఉంటే రోడ్డు ఎలా ఉందో చెప్పండి. కార్గిల్‌లో కార్బొరేటర్ బండ్లు తెలిసిన మెకానిక్ దొరుకుతాడా? జమ్మూ నుంచి కారును లారీలో విజయవాడకు పంపితే ఎంత అవుతుంది?

అమ్మ మాత్రం బండి అక్కడే అమ్మేసి రైలెక్కమంటోంది. నాన్నగారు పదిహేనేళ్లు నడిపిన బండి, నాకు మనసొప్పడం లేదు. ఎల్లుండి పొద్దున్నే బయలుదేరాలి, దయచేసి ఈలోపు చెప్పండి.