ఋతువు మారిందని మీ ఇంట్లో మొదట చెప్పేది ఏది?

గడపవతల అడిగినది:

క్యాలెండర్ చూసి ఋతువును గుర్తించే అలవాటు నాకు ఏనాడో పోయింది. మా స్నానాలగది తలుపే ఆ పని చూసుకుంటుంది. మొదటి వాన పడిన వారం రోజుల్లో అది పై మూల దగ్గర పట్టేయడం మొదలుపెడుతుంది. నెల తిరిగేసరికి లోపలికి వెళ్లిన మనిషి బయటికి రావాలంటే ఒకరు లోపలినుంచి లాగాలి, మరొకరు బయటినుంచి భుజం ఆనించి నెట్టాలి. నిరుడు వానల్లో ఓపిక నశించి, చిత్రిక అరువు తెచ్చుకుని, ఆ అంచు పొడవునా చెక్కేశాను. పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా రాలుతూ ఉంటే నా పనితనానికి నేనే ముచ్చటపడ్డాను కూడా. చలికాలం వచ్చేసరికి తలుపుకూ ద్వారబంధానికీ మధ్య చిటికెనవేలు దూరేంత సందు తేలింది. అది చూసి మా ఆవిడ ఒక్క మాటా అనలేదు. పాత గుడ్డ పేలికను మడిచి, ఆ సందులో కుక్కి, తన పని మీద తాను వెళ్లిపోయింది. ఏదైనా అని ఉంటే జవాబు చెప్పుకునేవాణ్ణి.

ఈ ఏడాది వానలకు తలుపు మళ్లీ పై మూల దగ్గరే పట్టేసింది. ఇలా కాలంతో పాటు బుద్ధి మార్చుకునే వస్తువులు మీ ఇళ్లలోనూ ఉన్నాయా? ఉంటే, వాటిని బాగుచేయడానికి తగిన కాలం ఏది? ఇబ్బంది పెట్టే రోజుల్లో చేస్తే నాకు జరిగినట్టే జరుగుతుంది, ఇబ్బంది లేని రోజుల్లో ఆ సంగతే గుర్తుకు రాదు.

పొట్టుబుట్ట జవాబు:

అయ్యా, మీరు చెక్కినది తలుపును కాదు, వానాకాలాన్ని. చెక్క గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, పొడి రోజుల్లో దాన్ని వదిలేసి ముడుచుకుంటుంది. అయితే ఈ ఉబ్బడం, ముడుచుకోవడం అంతా నారకు అడ్డంగానే జరుగుతుంది గానీ పొడవునా దాదాపు ఉండదు. అందుకే తలుపు వెడల్పు మారినంతగా ఎత్తు మారదు. పాతకాలపు పలకల తలుపులను ఒకసారి పరికించి చూడండి. చుట్టూ ఉన్న చట్రంలో గాడి తీసి, పలకను అందులో జిగురు పెట్టకుండా వదులుగా నిలబెడతారు. పలక తన ఇష్టం వచ్చినట్టు ఉబ్బినా తగ్గినా చట్రం కొలత పెద్దగా మారదు. మనుషులు కలిసి ఉండే ఇళ్లలోనూ ఇంత తెలివైన ఏర్పాటు అరుదు.

మీ తలుపుకు పై అంచునా కింది అంచునా రంగు వేశారా అన్నది మొదట చూడండి. కంటికి కనబడవు కనుక ఆ రెండింటినీ చాలామంది వదిలేస్తారు. చెక్క నీటిని అన్నిటికంటే వేగంగా తాగేది మాత్రం కోసిన ఆ కొసల నుంచే. పొడి రోజులు చూసుకుని అక్కడ రెండు పూతలు వేస్తే సగం గొడవ తీరుతుంది. అంతవరకూ పట్టేస్తున్న చోట కొవ్వొత్తి రుద్దండి. ఇంకొక్క మాట, ఎక్కడా కాకుండా పై మూల దగ్గరే పట్టేస్తోందన్నారు కాబట్టి అడుగుతున్నాను: పై బందు మరలు గట్టిగా ఉన్నాయా? అవి వదులైతే తలుపు ముందుకు వాలి, సరిగ్గా అక్కడే రాసుకుంటుంది. ఇంకోసారి చిత్రిక ముట్టుకునే ముందు అంచుకు సుద్ద పూసి తలుపు మూసి చూస్తే, ద్వారబంధం మీద పడిన తెల్లటి మరకే రోగం ఎక్కడుందో చెబుతుంది.

ముల్లుకంటే ముందు జవాబు:

మా ఇంట్లో ఆ పని గోడ గడియారానిది. దాని లోలకం కడ్డీ ఉక్కుది. ఎండలకు కడ్డీ సాగితే లోలకం నెమ్మదిస్తుంది. ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గడియారం రోజుకు సుమారు అర సెకను వెనకబడుతుంది. చలికాలానికీ ఎండాకాలానికీ ఇంటి లోపల 20 డిగ్రీల తేడా ఉందనుకుంటే అది రోజుకు పది సెకన్లు, నెలకు ఐదు నిమిషాలు. మా మామగారు ఎండాకాలం మొదట్లో గుండు కింది మరను కాస్త బిగించి గుండును పైకి జరుపుతారు, చలి రాగానే అంతే శ్రద్ధగా వదులు చేస్తారు. నడిమధ్య నెలల్లో దాని జోలికి ఎవరూ వెళ్లకూడదు, వెళితే ఆ రోజు భోజనాల దగ్గర అదే చర్చ.

పైన పొట్టుబుట్ట గారు నార పొడవునా చెక్క మారదన్నారు కదా, గడియారాలు చేసేవారికి ఆ సంగతి బాగా తెలుసు. వేడికి చెక్క పొడవు లోహమంత సాగదు కాబట్టి కొన్ని గడియారాలకు చెక్క కడ్డీనే పెట్టి, తేమ తగలకుండా వార్నిష్ పూసేవారు. 1713లో చక్రాలు సహా చెక్కతో గడియారం చేసిన ఇంగ్లండు వాసి జాన్ హారిసన్ స్వయానా వడ్రంగి. ఆయన తరువాతి కాలంలో ఇత్తడి, ఉక్కు కడ్డీలను పక్కపక్కన పేర్చి, ఒకటి కిందికి సాగితే మరొకటి గుండును పైకి ఎత్తేలా లోలకాన్ని అమర్చాడు. ఈ మాట మా మామగారికి చెప్పాను. అలాంటిది మనింట్లో ఉంటే ఇక తనకు పనేముంటుందని అడిగారు.

తూర్పుకిటికీ జవాబు:

మాకు చెప్పేది ఎండ. ఉదయం కిటికీలోంచి గోడ మీద పడే వెలుగు ముక్క అంచున వారానికొకసారి పెన్సిలుతో గీత పెట్టేదాన్ని. మార్చి, సెప్టెంబరు నెలల్లో గీతలు దూరదూరంగా పడ్డాయి, జూన్, డిసెంబరు నెలల్లో ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. సూర్యుడు ఉదయించే చోటు విషువత్తుల దగ్గర చకచకా జరుగుతుంది, అయనాంతాల దగ్గర దాదాపు ఆగిపోయినట్టే ఉంటుంది. పదకొండు నెలల గీతలు పూర్తయ్యాక, ఇంట్లో ఒకరు అవి పిల్లల రాతలనుకుని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేశారు. ఎవరన్నది చెప్పను, వారు కూడా ఇది చదువుతారు.

చెమ్మగోడ జవాబు:

మాకు ఉప్పు డబ్బా చెబుతుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు నీరు కారుతుంది, ఇంటిల్లిపాదీ నన్ను చూస్తారు, ఎందుకంటే మూత పెట్టడం మరచిపోయేది నేనేనట.

గడపవతల మళ్లీ రాసినది:

పొట్టుబుట్ట గారికి నమస్కారం. సుద్ద పూసి చూశాను, మీరు చెప్పిన పై మూల దగ్గరే మరక పడింది. బందు మరలు మూడింటిలో రెండు వేలితో తిప్పితేనే తిరిగాయి. బిగించిన వెంటనే తలుపు లేచి నిలబడి, ఎక్కడా రాసుకోకుండా హాయిగా మూసుకుంది. నిరుడు చిత్రిక తెస్తున్నప్పుడే మా ఆవిడ, ‘ముందు ఆ బందు చూడండి’ అన్నదని ఇప్పుడు గుర్తొచ్చింది, గుర్తుచేశారు అనడమే సబబు.

మిగిలిన చిక్కు ఒక్కటే. అనవసరంగా చెక్కినంత మేరా తలుపు సన్నబడింది కాబట్టి గడియ నాలుక ద్వారబంధంలోని రంధ్రాన్ని అందుకోవడం లేదు. నాలుగు రోజులుగా ముసురు పట్టినప్పుడు మాత్రం చెక్క ఉబ్బి, గడియ చక్కగా పడుతోంది. వానలు వెనక్కి తగ్గే లోపల ఏదో ఒకటి చేయాలి. అంతవరకూ స్నానానికి వెళ్లినవారు పాట పాడుతూ ఉండాలని ఇంట్లో తీర్మానం జరిగింది.